సెలవునాటి బస్సు

తెలుగులో 'సెలవు' అన్న మాటకు ఉన్నన్ని ముఖాలు మరే మాటకైనా ఉన్నవో లేవో. పెద్దలు పలికితే సెలవిచ్చారంటారు. వెళ్లివస్తామని చెప్పడం సెలవు తీసుకోవడం. బడి మూసివేస్తే సెలవు. ఇవి గాక నిఘంటువులు ఈ మాటకు వ్యయమనే అర్థం కూడా చెబుతాయి. అది వాడుకలోనుంచి దాదాపు తప్పుకొన్నది. పల్లెటూరి బస్సుస్టాపులో పండుగపూట నిలుచున్న మనిషికి మాత్రం ఆ పాత అర్థమే ఇప్పటికీ బాగా తెలుసు. బస్సు రాదు. ఆటోవాడు అడిగినంత ఇచ్చుకోవలసి వస్తుంది. ఆనాటి సెలవు అతని చేతిసంచికి నిజంగానే సెలవు.

అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నానికీ, కాకినాడ జిల్లాలోని తునికీ నడుమ నాతవరం అనే మండలకేంద్రమున్నది. ఒక ప్రక్క తూర్పు కనుమల కొండలు. ఇంకొక ప్రక్క తాండవ జలాశయపు నీటితో పండే పొలాలు. మెట్టన జీడిమామిడి తోటలు. ఊరికి రైలు లేదు. నర్సీపట్నం రోడ్డు అని పేరు పెట్టుకొన్న రైలుస్టేషను నర్సీపట్నానికే చాలా దూరాన ఉన్నది. ఆ పేరులోని 'రోడ్డు' అన్న మాట, రైలు దిగినవాడు ఇంకా రోడ్డున పడవలసి ఉన్నదని ముందుగా చేసిన హెచ్చరిక కాబోలు. కనుక నాతవరం మనిషికి పెద్దాసుపత్రి అన్నా, కళాశాల అన్నా, కోర్టు అన్నా, రైలన్నా తొలిమెట్టు బస్సే. మోటారుసైకిలున్న ఇంటివారికి ఈ చర్చతో పని లేదు. అది లేని ఇంటివారిని గూర్చియే ఇక్కడ చెప్పుకోవలసినదంతా.

సెలవునాటి ఉదయం ఇటువంటి ఊళ్ల కూడలిలో వినవచ్చే సంభాషణ ఎవరికీ కొత్తది కాదు.

"బస్సెల్లిపోనాదేటి బాబూ?" అని ముసలమ్మ అడుగుతుంది.

"ఎల్లిపోడానికి ముందు రావాలి కదేటి మామ్మా! ఇయ్యాల సెలవు" అంటాడు టీకొట్టు కుర్రవాడు.

"సెలవు బళ్లోలకి గాని బస్సుకేటి?"

ముసలమ్మ వేసిన ఈ ప్రశ్న చూపులకు అమాయకంగా కనిపించినా, దీనికి ప్రభుత్వోత్తర్వులలోగాని, రవాణాశాఖవారి లెక్కలలోగాని తేలికైన సమాధానం దొరకదు. సెలవు ఎవరికి ఇచ్చారు? ఎందుకు ఇచ్చారు? ఆ పూట వారు ఏమి చేసుకోవాలని ఇచ్చారు? ఈ మూడింటినీ తేల్చితేగాని బస్సు సంగతి తేలదు.

పూర్వం వీధిబడులలో పాడ్యమి, అష్టమి, పున్నమ, అమావాస్యలు అనధ్యయన దినాలు. పిల్లలు వాటిని ఆటవిడుపు అనేవారు. ఎంత చక్కని మాట! ఆటకోసం విడిచిపెట్టడం. ఆదివారపు సెలవు ఇంగ్లీషువారి కచేరీలతో వచ్చినది. అయితే అది కూలినాలి జనానికి దానంతట అది అందలేదు. బొంబాయి మిల్లుకార్మికులకు వారానికొక దినం విశ్రాంతి కావాలని నారాయణ మేఘాజీ లోఖండే ఏళ్లతరబడి పోరాడగా, 1890లో గాని మిల్లుయజమానులు ఆదివారపు విరామానికి అంగీకరించలేదు. ఇక 'పబ్లిక్ హాలిడే' అని ప్రభుత్వం ప్రకటించే దినాలకు చట్టపరమైన ఆధారం ఎక్కడున్నదని వెదికితే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో, ఇరవై ఐదవ సెక్షనులో కనబడుతుంది. హుండీ గడువు సెలవుదినాన తీరితే దాని ముందరి పనిదినాన తీరినట్లుగా భావించవలెనని ఆ సెక్షను చెబుతుంది. అనగా సెలవునాడు హుండీ ఏమి కావాలో నూట నలభై ఏళ్లనాడే ఆలోచించిన మహానుభావులున్నారు. ఆనాడు ప్రయాణికుడు ఏమి కావాలో ఆలోచించే పని ఇంకా ఎవరికో మిగిలియే ఉన్నది.

సెలవు అనగానే జనమంతా ఇళ్లలో కాళ్లు చాపుకొని కూర్చుంటారన్న ఊహమీద బస్సులను తగ్గించడం జరుగుతూ ఉంటుంది. ఈ ఊహ ఎంత పొరపాటో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. ఆగస్టు 15, జనవరి 26 తేదీలు రెండూ సెలవుదినాలే. ఆ రెండు దినాలలోనూ బడి తెరవవలసినదే, జెండా ఎగురవేయవలసినదే. మామూలు రోజున తొమ్మిదింటికి చేరితే సరిపోయే పంతులుగారు ఆనాడు తెల్లవారుతూనే ఇస్త్రీబట్టలతో బయలుదేరాలి. పిల్లలు అంతకంటె ముందే లేస్తారు. ఉపన్యాసానికి ఎన్నికైన బాలిక రాత్రంతా వల్లెవేసిన పాఠం పెదవులమీద నిలుపుకొని, రిబ్బనులు చెదరకుండా జాగ్రత్తపడుతూ నిలబడి ఉంటుంది. పొరుగూరినుంచి వారిని తీసుకొనిపోవలసిన మొదటి బస్సు, బడికి సెలవు గనుక రాదు! బడికి సెలవన్న కారణాన బడికి పోవడానికి బస్సు లేకపోవడం అనే ఈ వింత, తర్కశాస్త్రంలో ఏ దోషంక్రిందికి వస్తుందో పండితులు చెప్పాలి. స్వాతంత్ర్యదినోత్సవంనాడు ఆటోలో పదిమందితో కిక్కిరిసి, ఒక కాలు బయట వ్రేలాడవేసుకొని బడికి చేరిన ఉపాధ్యాయుడు స్వాతంత్ర్యంపై మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆయన కంఠంలో ఏపాటి ఉత్సాహముంటుందో ఊహించుకోవచ్చును.

ఆదివారం సంగతి ఇంతకంటె బరువైనది. గురుకుల పాఠశాలలలో, వసతిగృహాలలో చదివే పిల్లలను చూడడానికి తల్లిదండ్రులను సాధారణంగా ఆదివారాలలోనే రానిస్తారు. నెలకొకసారి వచ్చే ఆ దినంకోసం పదేళ్ల పిల్లవాడు గోడమీద గీతలు గీసుకొంటాడు. ఇక్కడ కొండదిగువ పల్లెలో తల్లి తెల్లవారుజామున లేచి అరిసెలో, గారెలో వండి డబ్బాలో సర్దుతుంది. కూలిపని మానుకొన్నది, ఆ మేరకు కూలి పోయినది. మొదటి బస్సు రాదు. రెండవది వచ్చేసరికి పొద్దెక్కుతుంది. నర్సీపట్నంలో మరొక బస్సు మారి, పాఠశాల చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. సాయంకాలపు చివరి బస్సుకూడా ఉంటుందో ఉండదో అన్న బెంగతో, పిల్లవాడు ఇంకా చెప్పదలచుకొన్న మాటలు పూర్తికాకముందే ఆమె లేచి నిలబడుతుంది. ఈ నష్టం ఏ లెక్కలోనూ పడదు. సర్వీసు రద్దు చేసినందువల్ల ఇంత డీజిలు మిగిలినదని వ్రాసుకోవడానికి పుస్తకంలో గడి ఉన్నది గాని, తల్లీబిడ్డల మధ్య తరిగిపోయిన రెండుగంటలను వ్రాసుకోవడానికి గడి లేదు.

విద్యార్థులకు ఆదివారమంటే పరీక్షల దినం కూడాను. వైద్యవిద్యకు దేశమంతటా జరిపే నీట్ పరీక్షను ఆదివారాలలోనే పెడుతున్నారు. 2025లో అది మే 4వ తేదీన, ఆదివారంనాడే జరిగినది. మధ్యాహ్నం ఒకటిన్నర దాటితే గేటు మూస్తారు. ఆ తరువాత ఏడ్చినా తెరవరు. గ్రూప్ 2 ఉద్యోగాలకు ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమీషను జరిపిన ప్రాథమిక పరీక్ష 2024 ఫిబ్రవరి 25న, అదీ ఆదివారమే. గ్రామ సచివాలయాల ఉద్యోగాలకు 2019లో జరిగిన పరీక్షలు సెప్టెంబరు 1వ తేదీ ఆదివారంనాడు మొదలైనవి. బడుల గదులు ఖాళీగా ఉంటాయి గనుక ఆదివారాన్ని ఎన్నుకోవడం సబబే. కాని గది ఖాళీగా ఉన్న దినాననే బస్సుకూడా ఖాళీగా ఉంటుందనుకొని దానిని డిపోలో కట్టివేస్తే, ఆ గదికి పిల్ల ఎట్లా చేరుతుంది? పెద్ద పరీక్షలకు పట్టణాలలో ప్రత్యేక బస్సులు నడిపే ఏర్పాటు జరుగుతూనే ఉంటుంది. అవి బస్సుస్టేషనునుంచి పరీక్షాకేంద్రానికి. ఊరినుంచి బస్సుస్టేషనుకు చేర్చేదెవరన్నదే అసలు చిక్కు. విశాఖపట్నంలో కేంద్రం పడిన నాతవరం విద్యార్థికి ఆ మహానగరపు చివరి మైళ్లు కష్టం కావు. తన ఊరినుంచి పట్టణం చేరవలసిన మొదటి మైళ్లే కష్టం.

పుణ్యకార్యాల మాటా విస్మరించరాదు. తుని దాపున కొండలోయలో వెలసిన తలుపులమ్మ తల్లి సన్నిధికి ఆదివారాలలో జనం పోటెత్తుతారు. ఆషాఢమాసంలోనైతే చెప్పనే అక్కరలేదు. కార్తీకంలో అన్నవరం సత్యదేవుని దర్శనానికి పోయేవారికీ తునిమీదుగానే దారి. వనసమారాధనలకు తాండవ గట్టు పట్టేవారుంటారు. చలికాలపు సెలవులలో లంబసింగి మంచును చూడడానికి నగరాలనుంచి కార్లు బారులు తీరి నర్సీపట్నంమీదుగా కొండెక్కుతాయి. ఈ రద్దీలన్నీ సెలవుదినానివే. జనం కదలడం లేదన్నమాట అబద్ధం. పనిదినాలలో కదిలే దిక్కున కదలడం లేదు, కదిలే వేళకు కదలడం లేదు, అంతే.

లంబసింగి దారి ప్రస్తావనకు వచ్చినది గనుక ఒక పాతకథను తలచుకోకుండా ఉండడం సాధ్యం కాదు. నర్సీపట్నంనుంచి లంబసింగికి రోడ్డు వేయించే రోజులలో గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ కొండప్రజలచేత నిర్బంధంగా చాకిరీ చేయించి, కూలి సరిగా ఇవ్వక హింసించినాడు. అల్లూరి సీతారామరాజు నాయకత్వాన 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషనుపై జరిగిన దాడితో రగుల్కొన్న మన్యం తిరుగుబాటుకు ఆ రోడ్డు చాకిరీ కూడా ఒక కారణం. ఆ వీరుని సమాధి నాతవరానికి పొరుగు మండలమైన గొలుగొండలోని కృష్ణదేవిపేటలో ఉన్నది. అనగా ఈ ప్రాంతంలో రోడ్డన్నది ప్రభుత్వం దయతలచి ఇచ్చిన వస్తువు కాదు. ఇక్కడివారి పూర్వుల చెమటతో పడినది. దానిమీద సెలవునాడుకూడా ఒక బస్సు నడవాలని కోరడం యాచన అనిపించుకోదు.

ఇక డిపోవారి పక్షాన చెప్పదగిన మాటలు లేకపోలేదు. వారి సమస్యను వారి కుర్చీలో కూర్చుని చూడాలి. బస్సు నడిచిన ప్రతి కిలోమీటరుకూ ఎంత రాబడి వచ్చినది, నూరు సీట్లకు ఎన్ని నిండినవి, ఈ రెండు అంకెలే డిపో మేనేజరును నడిపిస్తాయి. పల్లెబస్సులో పనిదినాన సగం సీట్లు విద్యార్థులవే. కళాశాల లేనినాడు ఆ సగం పోతుంది. ఖాళీబస్సును త్రిప్పి, డీజిలు తగలబెట్టి, పైఅధికారులకు సంజాయిషీ చెప్పుకొనే కంటె సర్వీసును రద్దు చేయడం ఎవరికైనా సులభంగా తోస్తుంది. అందులోనూ సంక్రాంతి, దసరా వంటి పెద్ద పండుగలకు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాలనుంచి లక్షలమంది ఊళ్లకు వస్తారు. వారికోసం ప్రత్యేక బస్సులు కావాలి. బస్సులు ఆకాశంనుంచి ఊడిపడవు గదా! ఎక్కడో ఒక మారుమూల దారిలోనివాటినే తీయాలి. ఆ విధంగా నగరంనుంచి వచ్చే కొడుకు నర్సీపట్నం దాకా సుఖంగా చేరుతాడు. అక్కడినుంచి తన ఊరికి పోయే బస్సే తనను తీసుకొనిరావడానికి పోయినదని ఆ కొడుకుకు తెలియదు. నాతవరానికి మరొక చిక్కుకూడా ఉన్నది. అది నర్సీపట్నం డిపోకూ తుని డిపోకూ మధ్య ఉన్నది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోకముందూ, ఆ తరువాతా ఈ రెండు పట్టణాలు రెండు జిల్లాలలోనే ఉన్నవి. ఇద్దరు మేనమామలున్న పిల్లవాడికి ఎవరో ఒకరు కొత్తబట్టలు పెట్టకపోతారా అని ఇద్దరూ ఊరుకొన్నట్లు కాకూడదు.

అయితే బస్సు వ్యాపారమా, బాధ్యతా అన్న ప్రశ్నను చట్టమే రెండువిధాలుగా చెప్పి ఊరుకొన్నది. 1950 నాటి రోడ్డురవాణా సంస్థల చట్టం పద్ధెనిమిదవ సెక్షనులో, రాష్ట్రంలో సమర్థమైన, చాలినంత, పొదుపైన, పొందికగల రోడ్డు రవాణాను క్రమక్రమంగా ఏర్పరచడం సంస్థ విధి అని చెప్పినది. ఇరవై రెండవ సెక్షనుకు వచ్చేసరికి సంస్థ వ్యాపారసూత్రాలపై నడవాలన్నది. రెండు సెక్షనుల నడుమ మూడే సెక్షనుల దూరం. ఆ కాస్త దూరంలోనే పల్లెబస్సు ఆగిపోతున్నది. అధికారులకు రెండవది ఎప్పుడూ గుర్తుంటుంది. 'చాలినంత' అన్న మొదటిదాని మాటను గుర్తుచేయవలసినవారు ప్రజలు.

నైజాం రాష్ట్రపు రైలు శాఖకు అనుబంధంగా 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైన సేవ ఇది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డురవాణా సంస్థగా రూపొందినది. రాష్ట్రం విడిపోయిన తరువాత సంస్థా రెండైనది. 2020 జనవరి 1నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దాని ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులైనారు. ప్రభుత్వ వైద్యశాల పండుగనాడు మూతపడదు. రోగులు తగ్గినారని అత్యవసర విభాగానికి తాళం వేయరు. ప్రభుత్వశాఖయే నడిపే బస్సును ఆ దృష్టితో చూడడానికి 2020 తరువాత ఎక్కువ సందేహం ఉండనక్కరలేదు. నర్సీపట్నంలో ప్రాంతీయ ఆసుపత్రి ఆదివారంకూడా తెరిచియే ఉంటుంది. అక్కడ మంచాన ఉన్న రోగికి గంజి పట్టుకొనిపోవలసిన మనిషి నాతవరం కూడలిలో నిలబడి ఉన్నాడు. ఒక శాఖ తెరిచిన తలుపును మరొక శాఖ మూయడం పాలన అనిపించుకోదు.

స్త్రీల విషయంలో ఈ సమస్యకు ఇటీవల మరింత పదును వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలైన బస్సులలో ఉచిత ప్రయాణం కల్పిస్తూ 'స్త్రీశక్తి' పథకాన్ని 2025లో మొదలుపెట్టినారు. ఏనాడు? ఆగస్టు 15ననే, అంటే ఒక సెలవుదినాననే. తెలంగాణలో 'మహాలక్ష్మి' పేరుతో 2023 డిసెంబరు 9ననే ఇటువంటిది వచ్చియున్నది. ఈ పథకాలవల్ల రద్దైన బస్సుకు విలువ పెరిగినది. ఇదివరలో బస్సు రాకపోతే ఆమె బస్సుచార్జీకి బదులు ఆటోచార్జీ ఇచ్చేది; తేడా మాత్రమే నష్టం. ఇప్పుడు చట్టబద్ధంగా ఏమీ ఇవ్వనక్కరలేని చోట మొత్తం ఇచ్చుకొంటున్నది. కూలికి సెలవు, కుటుంబానికి తీరిక, పుట్టింటికి పోయిరావడానికి అదను దొరికేది ఆమెకు ఆ ఒక్కనాడే. ఆనాడే బస్సు లేకపోతే ఉచితమన్న మాట ఆమెకు గోడమీది ప్రకటనలో చదువుకొనే మాటగానే మిగులుతుంది. ఆ రాతిరి ఆమె భర్త మాత్రం, ఉచితం గదా, డబ్బెందుకని అడుగుతాడు!

మరొకరి పక్షం కూడా వినాలి. బస్సు దానంతట అది నడవదు. డ్రైవరుకూ, కండక్టరుకూ భార్యాబిడ్డలున్నారు; వారి ఇంటిలోనూ భోగిమంట వేస్తారు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం వారి పని రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు మించరాదన్నది. వారానికొక విశ్రాంతిదినం ఇవ్వాలన్నది. ఆ దినాన పని చేయించుకొంటే దానికి బదులు మరొకటి ఇవ్వాలన్నది. సెలవునాడు బస్సు కోరేవారు ఈ బదులు సెలవు సక్రమంగా అందుతున్నదా అని కూడా అడగాలి. అడగకపోతే ఒకరి పండుగను మరొకరి పండుగకు బలిపెట్టినట్లవుతుంది. సిబ్బందిలో ఏ మతస్థుని పండుగనాడు అతనికి సెలవిచ్చి, మిగిలినవారు నడుపుకొనే సర్దుబాటు పనిచేసేచోటనల్లా మనుషులు తమలో తాము చేసుకొనేదే. క్రిస్మస్‌నాడు ఒకరు, రంజాన్‌నాడు ఒకరు, సంక్రాంతినాడు ఒకరు స్టీరింగు పట్టవచ్చు. దానిని నోటిమాటగా వదలక కాగితంమీద పెట్టడమే కావలసినది.

ఇతరదేశాలలో ఈ చిక్కు లేదనుకొంటే పొరపాటు. లండను మహానగరంలో క్రిస్మస్ పండుగనాడు నేలమాళిగ రైలుగాని, బస్సుగాని నడవదు. కాని నడవదని ముందుగా అందరికీ తెలుసు. దానికి తగినట్లు ఎవరి ఏర్పాట్లు వారు చేసుకొంటారు. ఇంగ్లండు పల్లెటూళ్ల గతి అంత చక్కగా లేదు. 1985 నాటి రవాణా చట్టాన్ననుసరించి 1986 అక్టోబరునుంచి లండను వెలుపల బస్సులను ప్రైవేటు కంపెనీల ఇష్టానికి వదలివేసినారు. లాభం ఉన్న దారిలో, లాభం ఉన్న దినాన వారు నడుపుకొంటారు. లాభం లేకపోయినా సంఘానికి అవసరమని తోచిన సర్వీసులకు స్థానిక సంస్థలు డబ్బు చెల్లించి నడిపించుకోవాలి. ఆ సంస్థల చేతిలో డబ్బు తగ్గినప్పుడు మొదట పోయేది ఆదివారపు బస్సే. ఇజ్రాయెలులో శుక్రవారం సాయంత్రంనుంచి శనివారం సాయంత్రందాకా మతనియమాన్ని బట్టి బస్సులు చాలవరకు ఆగిపోతాయి. కారున్నవాడు తిరుగుతూనే ఉంటాడు, లేనివాడే చిక్కుపడతాడు. చివరకు 2019 నవంబరులో టెల్అవీవు నగరపాలకులు పొరుగు పట్టణాలతో కలిసి ఆ విశ్రాంతిదినాన ఉచిత బస్సులు ఆరంభించినారు. మతానికీ బస్సుకూ సంబంధించిన ఆ వివాదం ఇక్కడ అవసరం లేదు. అక్కడైనా, ఇక్కడైనా సెలవునాడు బస్సు ఆపివేయడమంటే ప్రయాణాలు ఆపివేయడం కాదు; సొంతబండి లేనివాని ప్రయాణాన్ని మాత్రమే ఆపివేయడం. ఇదొక్కటి గమనిస్తే చాలు.

కనుక కావలసినదేమి? సెలవునాడు కూడా పనిదినంలాగానే అన్ని ట్రిప్పులూ నడపాలని ఎవరూ కోరరు. తొమ్మిదిగంటల కళాశాల బస్సు ఆనాడు వద్దు. కనుమనాడు కాకికూడా కదలదని సామెత. ఆనాడు బస్సును కాస్త విశ్రమించనిస్తే శాపనార్థాలు పెట్టేవారుండరు. భోగిముందునాడు మాత్రం రెట్టింపు కావాలి. స్వాతంత్ర్యదినాన పెందలకడనే ఒకటి నడవాలి. ఆషాఢ ఆదివారాలలో తునివైపు, నీట్ పరీక్షనాడు విశాఖ రైలును అందుకొనేటట్లు, ఇట్లా ఒక్కొక్క సెలవుకు ఒక్కొక్క ముఖముంటుంది. దానిని గుర్తించి ప్రత్యేకంగా సెలవుదినపు వేళల పట్టిక ఒకటి తయారుచేయడమే ఉన్న మార్గం. ఏమి తగ్గించినా, ఏ దారిలోనైనా ఉదయపు తొలిబస్సునూ, సాయంకాలపు కడపటి బస్సునూ తగ్గించరాదన్నది ఆ పట్టికకు పునాది కావాలి. పోయినవాడు ఇంటికి తిరిగి రాగలనన్న ధైర్యం లేకపోతే అసలు బయలుదేరడు. బయలుదేరనివారిని చూపి 'ప్రయాణికులు లేరు' అని వ్రాసుకోవడం ఎంతవరకు న్యాయం? బస్సు లేదని జనం రారు, జనం రారని బస్సు లేదు. ఈ గానుగ చుట్టూ ఎంతకాలమైనా తిరగవచ్చు.

నష్టం ఎవరు భరిస్తారన్న ప్రశ్న వస్తుంది. కాలేజీ వేళలలో రద్దయ్యే ట్రిప్పులవల్ల మిగిలే డీజిలులో కొంత ఈ తొలి, కడపటి బస్సులకు మళ్లించవచ్చును. కిలోమీటర్లు పెరగవు, వేళలు మారుతాయి. పండుగకు నగరాలనుంచి నడిపే ప్రత్యేక బస్సులకు ఒకప్పుడు మామూలు చార్జీమీద సగం అదనంగా వసూలు చేసేవారు. పల్లెదారిలోనుంచి తీసిన బస్సు సంపాదించిన ఆ సొమ్ములో పల్లెదారికి వాటా ఎప్పుడైనా వచ్చినదా అని అడిగినవారు కనబడరు. అటువంటి దారినుంచి ఒక బస్సును తీసినప్పుడు రెండవదానిని తీయరాదన్న కట్టుబాటైనా ఉండాలి.

బస్సు ఎక్కడున్నదో చరవాణిలో చూసుకోవచ్చునని ఈనాటి యువకులు అంటారు. నిజమే, చూసుకోగలిగినవారికి. చద్దిమూట పట్టుకొని నిలబడిన ముసలమ్మ చేతిలో అటువంటి చరవాణి ఉండకపోవచ్చు. ఉన్నా కొండవార ఊళ్లలో సంకేతం అందకపోవచ్చు. ఏటేటా రాబోయే సంవత్సరపు సెలవుల జాబితాను ప్రభుత్వం ముందుగానే ప్రకటిస్తుంది. ఏ పండుగ ఏ వారంనాడు పడుతుందో పంచాంగకర్తలు అంతకంటె ముందే చెబుతారు. కనుక సెలవు ఎవరిమీదా హఠాత్తుగా వచ్చిపడేది కాదు. ఆ జాబితా వచ్చిన మాసంలోనే నర్సీపట్నం, తుని డిపోలవారు కలిసి కూర్చుని నాతవరం దారికి ఏ సెలవునాడు ఏ వేళకు ఎవరి బస్సు నడుస్తుందో నిర్ణయించుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు. వారు నిర్ణయించినది గ్రామ సచివాలయం గోడకూ, బడి గోడకూ ఒక నల్లపలకమీద వ్రాయించడానికి సుద్దముక్క చాలు. ఐదవ తరగతి పిల్లవాడు దానిని చదివి ఇంటిలో చెబుతాడు.

"రేపు ఆరుగంటలకొకటే బస్సంట నానమ్మా, మళ్లీ పదింటిదాకా లేదంట. గబాల్న లెగిసిపోవాల."

లేదన్న కబురైనా ముందురాత్రే చేరితే, ఆ ముసలమ్మ డబ్బాలో అరిసెలు సర్దుకొని, కోడికూత వేళకు కూడలిలో ఉంటుంది.